ఎర్నపూడి స్టేషన్ ఎవరు కట్టారు

నాకు ఇప్పుడు బాగానే ఉంది. ఏడాది దాటింది, మళ్లీ రాలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఇలాంటివి చదివేవాళ్లలో సగం మంది ఆస్పత్రి వరండాలో కూర్చునే చదువుతారు. నేనూ అలాగే చదివాను. చివరికి ఆ మనిషి ఏమయ్యాడో చూసే ధైర్యం లేక మధ్యలోనే ఫోన్ పక్కన పెట్టేసేవాణ్ని.

మాది విజయవాడ పటమట. ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. ఇంజనీర్లు కొలతలు పంపిస్తే ఇంట్లోనే కంప్యూటర్లో గీసి ఇస్తాను. నా భార్య విమల స్కూల్ టీచరు, సాయంత్రం అయిదున్నరకి గానీ ఇల్లు చేరదు. మా అమ్మాయి జెస్సీకి అప్పుడు తొమ్మిదేళ్లు. దాని వ్యాను మూడింటికే వచ్చేస్తుంది. మూడు నుంచి అయిదున్నర దాకా ఇంట్లో మేమిద్దరమే.

నాకు ఒక పిచ్చి ఉంది, ట్రైన్ సిమ్యులేటర్. కంప్యూటర్లో రైలు నడిపే ఆట. అందులో ఉన్న దారుల్లో నడుపుకుని తృప్తిపడేవాళ్లే ఎక్కువ. కొందరికి అది చాలదు. నేల, కాలవలు, పట్టాలు, సిగ్నళ్లు, ప్లాట్‌ఫాం మీద నిలబడే మనుషులు, అన్నీ స్వయంగా పెట్టుకుని కొత్త లైను కడతారు. నేను ఆ రకం. గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, మొవ్వ మీదుగా చల్లపల్లికి ఒక చిన్న లైను కడుతున్నాను. నిజానికి ఆ దారిలో రైలు లేదు. మా అమ్మ పుట్టిన ఊరు మొవ్వ పక్కనే. చిన్నప్పుడు బస్సులో నిలబడి చెమటలు కక్కుతూ వెళ్లేటప్పుడు, ఈ చేల మధ్య నుంచి రైలుంటే కిటికీ పక్కన కూర్చునేవాణ్ని కదా అనుకునేవాణ్ని. ఒంటి లైను, ఒక డీజిల్ ఇంజను, రెండు పెట్టెలు, వెనకాల ధాన్యం బస్తాలకి రెండు వ్యాగన్లు. దారి పొడుగునా అయిదు స్టేషన్లు. అంతే నా రైల్వే.

సిగ్నళ్ల సంగతి నాకు సరిగ్గా తెలియదు. అందులో నాకు సాయం చేసింది వీరభద్రం గారు. స్టేషన్ మాస్టరుగా రిటైరై గుడివాడలో ఉంటున్నారు. ఈ ఆట ఆడేవాళ్ల గ్రూపులో పరిచయం. నా ఫైళ్లు ఆయన కూడా తెరిచి మార్చేలా పెట్టాను. రెండు రోజులకోసారి ఫోన్ చేసేవారు. “ప్రసాద్ గారూ, మొవ్వ దగ్గర సిగ్నలు కాలవ అవతల పెట్టారు. చింతచెట్టు అడ్డమొచ్చి డ్రైవరుకి కనపడదండీ. నాలుగు స్తంభాల దూరం ఇవతలికి జరపండి.” లేని రైలుకి, లేని డ్రైవరుకి, ఆయన అంత శ్రద్ధగా చెప్పేవారు.

రెండేళ్ల కిందటి జూన్‌లో మొదలైంది.

ఆ రోజు లైను సరిచూద్దామని మొవ్వ నుంచి రైలు బయల్దేరదీశాను. అక్కడి నుంచి చల్లపల్లి దాకా నేను కట్టింది వరిచేలు మాత్రమే. ఒక కాలవ వంతెన దాటగానే దూరంగా పసుపు రంగు బోర్డు కనిపించింది. దగ్గరికి వస్తే దాని మీద నల్లటి అక్షరాలు: ఎర్నపూడి.

నేను రైలు ఆపాను. చిన్న ప్లాట్‌ఫాం, పెంకులు కప్పిన ఒక గది, వేపచెట్టు. ప్లాట్‌ఫాం మీద ఏడుగురు మనుషులు. ఏడుగురూ రైలుకి వీపు పెట్టి, చేల వైపు చూస్తూ నిలబడి ఉన్నారు.

ఈ ఆటలో మనిషి బొమ్మని పెడితే అది పట్టాల వైపే చూస్తుంది. వెనక్కి తిప్పాలంటే ఒక్కోదాన్ని పట్టుకుని చేత్తో తిప్పాలి. ఎవరో కూర్చుని ఏడుగురినీ తిప్పారు.

వీరభద్రం గారికి ఫోన్ చేశాను. “సార్, ఎర్నపూడి మీరే పెట్టారా?”

“ఎర్నపూడా? అదెక్కడుందండీ? నేను ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగాను, ఆ పేరే వినలేదు.”

పెద్దాయన తమాషా చేస్తున్నాడనుకున్నాను. నవ్వేసి స్టేషన్ తీసేశాను.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరుగుతోంది. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఉన్నట్టుండి తడిసిన గోనెసంచి వాసన వచ్చేది. కడుపులో ఏదో పైకి లేచినట్టుండేది. ఆ క్షణంలో నా ముందు జరుగుతున్నదంతా అంతకుముందే ఒకసారి జరిగిపోయినట్టు అనిపించేది. జెస్సీ నీళ్ల సీసా మూత తీయడం, పక్కింటి కుక్కర్ కూత, ఫ్యాను చప్పుడు, అన్నీ. తర్వాత చూస్తే టీ మీద తొరక కట్టి ఉండేది. ఇప్పుడేగా పెట్టాను అనుకునేవాణ్ని.

ఒకసారి అన్నం తింటుండగా విమల నా వైపు అదోలా చూసింది. “పప్పులో ఉప్పు సరిపోయిందా అని మూడుసార్లు అడిగానండీ. మీరు ఊరికే చప్పరిస్తున్నారు.”

“వినలేదు,” అన్నాను. నిజంగానే వినలేదు.

జూలైలో ఎర్నపూడి మళ్లీ వచ్చింది. అదే చోట, అదే బోర్డు. ఈసారి పదకొండు మంది. గది పక్కన ఒక సిమెంటు బల్ల, చేలలోకి కాలిబాట. అందరూ ఆ బాట వైపే చూస్తున్నారు. మధ్యాహ్నం నాలుగు గంటల ఎండ, కిటికీ తెరిచే ఉంది, కింద కూరగాయల బండివాడు అరుస్తున్నాడు. అయినా నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

భయాన్ని కోపం చేసుకోవడం తేలిక. వీరభద్రం గారికి ఫోన్ చేసి అరిచాను. వయసుకి తగ్గట్టు ఉండమన్నాను. నా పనిలో వేలు పెట్టొద్దన్నాను. ఆయన, “సరేనండీ. నేనింక మీ లైను ముట్టుకోను,” అని ఫోన్ పెట్టేశారు. నేను స్టేషన్ మళ్లీ తీసేసి, పాస్‌వర్డ్ మార్చేశాను. ఇక నేను తప్ప ఇంకెవరూ ఆ ఫైళ్లు తెరవలేరు.

ఆగస్టు మొదటి వారంలో మొవ్వ దాటి రైలు నడుపుతున్నాను. ఎర్నపూడి ఉంది. పందొమ్మిది మంది ఉన్నారు. నేను ఆపకుండా వెళ్లిపోదామనుకున్నాను. ప్లాట్‌ఫాం చివర ఇంజను ఒక్కసారి పక్కకి ఒరిగింది. ఎవరో అక్కడ పట్టాలు చీలేలా పాయింటు వేసి, పక్కకి కొత్త లైను పరిచారు. రైలు మెయిన్ లైను వదిలేసి చేలలోకి వెళ్తోంది. నేను బ్రేకు వేసే లోపల చూశాను. పట్టాలు తిన్నగా కాలవ గట్టు దాకా వెళ్లి, నీళ్ల ముందు ఆగిపోయాయి.

ఫైలు ఎప్పుడు మార్చారో కంప్యూటర్ చెబుతుంది. ముందు రోజు సాయంత్రం నాలుగూ ఇరవై. ఆ సమయానికి నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. నా వెనక జెస్సీ హోంవర్క్ చేసుకుంటోంది.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి? మా ఇంట్లో ఒక స్టేషన్ తనంతట తను మొలుస్తోందనా? విమలకి చెబితే కంప్యూటర్ మూసేయమంటుంది. మతి చెడిందని ఎవరైనా అంటే పని ఇచ్చేవాళ్లు ఆగిపోతారు. అలా నెల రోజులు దాచాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం. విమల కోయిర్ కోసం ముందే గుణదల చర్చికి వెళ్లిపోయింది. జెస్సీని బండి మీద వెనక కూర్చోబెట్టుకుని నేను కాలవ పక్క రోడ్డు మీద వెళ్తున్నాను. గోనెసంచి వాసన వచ్చింది.

ఆ తర్వాత నాకు తెలిసింది ఇది: ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నాను. మొహం తడిగా ఉంది. చుట్టూ మనుషులు. నా చేతిలో జెస్సీ చెప్పు ఒకటి ఉంది. బండి కాలవ రెయిలింగుకి ఆనుకుని పడి ఉంది, ముందు చక్రం ఇంకా గాలిలోనే ఉంది. రోడ్డు పక్క కొబ్బరిబొండాలమ్మే ఆయన ఒగరుస్తూ నా ముందు నిలబడ్డాడు.

“మెల్లగానే వస్తన్నారు సార్. మలుపు తిరగలేదు. తిన్నగా కాలవలోకే వస్తన్నారు. పాప అరుస్తంది. నేను హ్యాండిల్ పట్టుకున్నా గాని మీరు వదల్లేదు.”

జెస్సీ మోచెయ్యి చీరుకుపోయింది. అది ఏడవడం లేదు. నాకు నాలుగడుగుల దూరంలో, ఆ బొండాలాయన వెనక నిలబడి నా వైపు చూస్తోంది. రమ్మని చెయ్యి చాపాను. రాలేదు.

“ఏమైందమ్మా?”

“నన్ను దిగమన్నావు డాడీ,” అంది. “ఎర్నపూడి వచ్చింది, దిగు అన్నావు.”

ఆ పేరు ఆ పిల్లకి నేను ఎప్పుడూ చెప్పలేదు.

“ఇంట్లో కంప్యూటర్ దగ్గర కూడా అంతే ఉంటావు,” అంది.

తర్వాతి పది రోజులు ఆస్పత్రి. వరండాలో స్టీలు కుర్చీలు, గోడకి ఆగిపోయిన గడియారం, మైకులో తప్పుగా పిలిచే పేర్లు. విమల నా పక్కనే కూర్చునేది గానీ నాతో మాట్లాడేది కాదు. రెండో రోజు ఒక్కసారి పేలింది. “ఎన్నాళ్ల నుంచండీ? జూన్ నుంచా? జూన్ నుంచి పిల్లని బండి మీద తిప్పుతున్నారా?” వరండాలో అందరూ మా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

ఎదురు కుర్చీలో పెడన నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. వాళ్లాయన మగ్గం మీదే పడిపోయేవాడట. విమల మందుల కిటికీ దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె నా పక్కకి వచ్చి కూర్చుంది. “సిగ్గుపడకండి అన్నయ్యా. మా ఆయన పదేళ్లు దాచాడు. నేస్తానే ఆగిపోయేవాడు. నూలు తెంపాడని నేను తిట్టేదాన్ని. జబ్బని తెలిస్తే తిడతానా?” నా ఫైలు తన ఒళ్లో పెట్టుకుని, “మీరెళ్లి మొహం కడుక్కుని రండి, నేనుంటా,” అంది. ఆమె పేరు కూడా అడగలేదు.

తలకి వైర్లు అంటించి పరీక్ష చేసే గదిలో ఒక నడివయసు మనిషి ఉండేవాడు. పరీక్షంతా అయ్యాక జుట్టుకి అంటిన జిగురుని గోరువెచ్చని నీళ్లతో, దూదితో, ఓపిగ్గా తుడిచాడు. “బయటికి ఇట్లా వెళ్తే పాప భయపడుద్ది సార్,” అన్నాడు. ఆ పది రోజుల్లో నేను ఏడ్చింది అప్పుడొక్కసారే.

డాక్టరమ్మ నన్ను అడిగిన దానికంటే జెస్సీని ఎక్కువ అడిగింది. జెస్సీ కుర్చీ అంచున కూర్చుని చెప్పింది.

“మొదట ఆగిపోతాడు. పిలిస్తే పలకడు. నోట్లో ఏదో ఉన్నట్టు చప్పరిస్తాడు. తర్వాత మౌస్ కదుపుతాడు. చాలాసేపు. బొమ్మల్ని ఒక్కొక్కళ్లనీ తిప్పుతాడు. నేను పక్కనే నిలబడి చూసేదాన్ని. డాడీ కళ్లు నన్ను చూస్తాయి గానీ, నేనని తెలియదు. తర్వాత ‘ఎప్పుడొచ్చావు నాన్నా’ అంటాడు.”

“మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు తల్లీ?”

“చెబితే డాడీని ఇక్కడే ఉంచేసుకుంటారుగా.”

విమల లేచి బయటికి వెళ్లిపోయింది. తలుపు అవతల తన ఏడుపు నాకు వినిపించింది. మా పిల్ల మూడు నెలల పాటు రోజూ మధ్యాహ్నం తండ్రి కాని ఒక మనిషి పక్కన ఒంటరిగా నిలబడి, అతను తిరిగి తండ్రి అయ్యేదాకా కాపలా కాసింది. నేను స్టేషన్ని చూసి భయపడుతున్నాను. జెస్సీ నన్ను చూసి భయపడింది, ఎవరికీ చెప్పకుండా.

స్కానింగ్‌లో ఒక చిన్న మచ్చ కనిపించింది. ఎప్పుడో తిండితో పాటు లోపలికి పోయిన పురుగు గుడ్డు మెదడులో చేరి, చచ్చి, గట్టిపడిపోయిందట. దాని పక్కన అప్పుడప్పుడూ మంట లేస్తుంది. అదే మూర్ఛ. మూర్ఛ అంటే కింద పడి కొట్టుకోవడమే అనుకునేవాణ్ని. కూర్చున్న చోటే, కళ్లు తెరిచే, రెండు నిమిషాలు మనిషి లేకుండా పోవడం కూడా మూర్ఛేనట. ఆ తర్వాత అరగంట దాకా మసక ఉండొచ్చు, ఆ మసకలో చేతులు అలవాటైన పని చేసుకుపోవచ్చు, తర్వాత ఏదీ గుర్తుండదు అని డాక్టరమ్మ చెప్పింది.

“మరి ఆ పేరు? ఆ మనుషులు అటు తిరిగి ఉండటం?” అని అడిగాను.

ఆమె కలం పక్కన పెట్టింది. “అది నాకు తెలియదండీ. తెలుసని అబద్ధం చెప్పను. మందు మాత్రం పనిచేస్తుంది.”

మందు మొదట్లో నన్ను మొద్దుబార్చింది. మాటలు దొరికేవి కావు. గరిట అనబోయి ఆ వస్తువు వైపు చూస్తూ నిలబడిపోయేవాణ్ని. గోడల మందం రెండుసార్లు తప్పు గీసి పంపాను. బండి తాళాలు విమల తన బీరువాలో పెట్టేసింది. అదంతా భరించవచ్చు. జెస్సీ వ్యాను దిగి మా ఇంటికి రాకుండా కింద ఫ్లాట్లో ఉండే పెద్దావిడ ఇంటికి వెళ్లేది, విమల వచ్చాక ఇద్దరూ కలిసి పైకి వచ్చేవారు. మూడింటికి వ్యాను హారన్ వినిపించేది. మెట్ల మీద అడుగులు ఒక అంతస్తు కిందే ఆగిపోయేవి. అది నిజంగా కష్టమైంది.

నవంబరులో మళ్లీ ఒకటి వచ్చింది. ఈసారి విమల ఎదురుగానే ఉంది. తర్వాత నాకు స్పృహ వచ్చేసరికి నా రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని కూర్చుని ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. “జెస్సీ ఇదే చూసిందా రోజూ?” అంది మెల్లగా. ఆ రోజు నుంచి నా మీద కోపం పోయింది. మందు మోతాదు పెంచారు. మళ్లీ రాలేదు.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లు అయిన వారానికి విమలని వెంటబెట్టుకుని బస్సులో గుడివాడ వెళ్లాను. వీరభద్రం గారు గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి, లోపలికి రమ్మన్నారు. మనిషి చిక్కిపోయారు. నేను జరిగిందంతా చెప్పాను. చివర్లో, “మీ మీద నింద వేశాను సార్. క్షమించండి,” అన్నాను.

ఆయన తన కండువా అంచు సరిచేసుకున్నారు. “నేనే పెట్టి ఉంటే బాగుండేదండీ,” అన్నారు. “మీకు జబ్బు ఉండేది కాదుగా.”

విమల కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆయన ఊరికే కూర్చోలేదని అప్పుడే తెలిసింది. నేను తిట్టాక కూడా పాత రెవెన్యూ పటాలు తెప్పించి, తెలిసిన వీఆర్వోలని అడిగి, ఎర్నపూడి కోసం వెతికారట. ఎక్కడా లేదు. “ఆ స్టేషను తీసేయకండి,” అన్నారు. “కాలవలోకి వెళ్లే ఆ పాయింటు మాత్రం మెయిన్ లైనుకి తిప్పి తాళం వేయండి. ఆ పట్టాలు పీకించండి. మిగతాది ఉంటే ఉండనీయండి. ఎవరు కట్టినా స్టేషను స్టేషనేగా.” ఇంటికి రాగానే ఆయన చెప్పినట్టే చేశాను. విమల పక్కన కూర్చుని చూసింది.

ఇక మొన్నటి మే నెల సంగతి. మైలవరంలో విమల చెల్లెలి గృహప్రవేశం. ముందు రోజే వెళ్లి పనుల్లో సాయం చేయాలి. జెస్సీకి జలుబు, ప్రయాణం వద్దనుకున్నాం. కింద ఫ్లాట్ పెద్దావిడ ఊళ్లో లేదు. విమల బ్యాగు సర్దుకుని జిప్పు వేసింది. తర్వాత మామూలుగా, “పాప మీ దగ్గరే ఉంటుంది. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తా,” అంది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి. నేను “సరే” అన్నాను.

భోజనాలయ్యాక జెస్సీ తనే కుర్చీ లాక్కుని కంప్యూటర్ దగ్గర కూర్చుంది. “ఎర్నపూడి చూపించు డాడీ.”

తెరిచాను. పందొమ్మిది మందీ ఉన్నారు, అలాగే అటు తిరిగి.

“తిప్పేద్దామా?” అంది.

ఒక్కొక్కళ్లనీ పట్టాల వైపు తిప్పడం మొదలుపెట్టాం. నేను చూపిస్తే అది మౌస్ కదిపింది. తిప్పిన ప్రతిసారీ ఒక కొత్త మొహం మా వైపు తిరిగేది. అన్నీ ఆటలో ఉండే మామూలు బొమ్మలే. గొడుగు పట్టుకున్న ముసలాయన, సంచీ చంకన పెట్టుకున్న ఆడమనిషి, తలగుడ్డ చుట్టుకున్న రైతు. పద్దెనిమిది మంది అయ్యారు. బల్ల పక్కన పసుపు చీర కట్టుకున్న ఒకావిడ మిగిలింది.

“ఈవిడ్ని ఇట్లాగే ఉంచుదాం డాడీ.”

“ఎందుకమ్మా?”

జెస్సీ భుజాలెగరేసింది. “అటు నుంచి ఎవరో వస్తారేమో. అందరూ ఇటు చూస్తే ఎట్లా?”

నాకు ఒళ్లు జలదరించింది. అయినా ఆమెని ముట్టుకోలేదు. రైలు నడిపాం. ఎర్నపూడిలో ఒక నిమిషం ఆపి, తిన్నగా చల్లపల్లి చేరాం.

ఆరింటికి ఫోన్ మోగింది. ఈ ఏడాదిన్నరలో విమల ఎక్కడి నుంచి ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: “బాగానే ఉన్నారా, టాబ్లెట్ వేసుకున్నారా?” ఫోన్ ఎత్తి, వేసుకున్నానని చెప్పడానికి నోరు తెరిచాను.

“ఏవండీ, ఇక్కడ రసాలు బాగున్నాయి,” అంది. “రెండు డజన్లు తెస్తున్నా. ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసి పెట్టండి.”